చెరువుగట్టు కింద విరిగిన కారు తాళంచెవి

పోయిన వైశాఖ అమావాస్య నాడు, చెరువుగట్టు గుట్ట కింద, మిట్టమధ్యాహ్నం ఎండలో మా కారు తాళంచెవి విరిగింది. సగం నా వేళ్ల మధ్య ఉంది, సగం డ్రైవర్ వైపు తలుపు తాళంలో ఉండిపోయింది. జడల రామలింగేశ్వరస్వామి దర్శనం చేసుకుని అప్పుడే కిందికి దిగొచ్చాం. వెనక అమ్మ, పక్కన కొబ్బరిచిప్పల సంచితో మా ఆవిడ, నీళ్లు నీళ్లు అని మారాం చేస్తున్న చిన్నది. నీళ్ల సీసా కారులో సీటు మీద కళ్లకు కనిపిస్తూనే ఉంది.

ఆ తర్వాత కారు తాళాల గురించి అడిగీ, విప్పి చూసీ, చేతులు నల్లగా చేసుకునీ తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానంటే ఆ చెవి ఆ ఒక్క రోజులో విరగలేదు. సంక్రాంతి నుంచే చెబుతూ ఉంది. తాళంలో పెట్టేటప్పుడు చివర్లో కాస్త ఆగేది, రెండుసార్లు ఆడిస్తే తిరిగేది. శివరాత్రి నాటికి రిమోట్ బటన్ కారు పక్కకు వెళ్లి నొక్కితేగానీ పనిచేసేది కాదు, హోలీ దాటాక అది కూడా పోయింది. అప్పటి నుంచి రోజూ చెవితోనే తలుపు తీయడం, వెయ్యడం. ఎలాగోలా తిరుగుతోంది కదా అని నాలుగు నెలలు అలాగే నడిపించాను. యాభై రూపాయల సెల్లు వేయించి ఉంటే ఆ తాళం మీద అంత బరువు పడేదే కాదు.

మా బావమరిదికి ఫోన్ చేస్తే, నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర చిన్న డబ్బాలో తాళంచెవులు చేసే భాయ్‌ని బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. వాళ్లు వచ్చేలోపు చుట్టూ చేరినవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. ఒకాయన ఇనుప తీగ తెస్తానన్నాడు, ఇంకొకాయన విరిగిన ముక్క కొసకు ఫెవిక్విక్ రాసి లోపలికి పెడితే అతుక్కుని వచ్చేస్తుందన్నాడు. మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఆ పని దయచేసి ఎవరూ చేయకండి. జిగురు ఒక్క చుక్క లోపలికి జారిందంటే ముక్కతోపాటు తాళం కూడా గట్టిపడిపోతుంది, ఇక తాళం మొత్తం మార్చడమే.

భాయ్ వచ్చి ముందు తాళం వైపు చూడలేదు. నా చేతిలోని ముక్క తీసుకుని, విరిగిన అంచును ఎండకు పెట్టి చూపించాడు.

"ఇది ఇయ్యాల ఇరగలేదన్నా. సూడు, సగం నల్లగున్నది, సగం మెరుస్తున్నది. నల్లగున్నది ఎప్పుడో పగిలింది. మెరిసేదే ఇయ్యాలటిది."

నిజమే. గోరంత వెడల్పు లేని ఆ అంచులో రెండు రంగులు స్పష్టంగా కనిపించాయి. పాత పగులులోకి మురికి చేరి నల్లబడింది, ఆ రోజు నేను పట్టి తిప్పిన చోట ఇత్తడి పచ్చగా మెరుస్తోంది. చెవి ఎప్పటినుంచో సగం బలంతోనే పనిచేస్తోందని అప్పుడు అర్థమైంది. మీరు కూడా ఒకసారి మీ చెవిని వెలుతురులో పెట్టి, లోతుగా గాటు ఉన్న చోట వెంట్రుకంత గీత ఏమైనా ఉందేమో చూడండి. ఉంటే ఈ వారమే కొత్తది చేయించండి.

ముక్క తీసిన తీరు చెబుతాను, ఎందుకంటే తాళం లోపల ఏముంటుందో దానితోనే తెలిసింది. కారు తాళంలో సన్నటి ఇత్తడి పలకలు వరుసగా ఉంటాయి, ఒక్కోదానికి ఒక బుల్లి స్ప్రింగు. సరైన చెవి లోపలికి వెళ్తే దాని గాట్లను బట్టి పలకలన్నీ ఒకే మట్టానికి సర్దుకుంటాయి, అప్పుడే తాళం తిరుగుతుంది. ఒక్క పలక అయినా పైకో కిందికో పొడుచుకుని ఉంటే తిరగదు. నేను సగం తిప్పిన స్థితిలో చెవి విరిగింది కాబట్టి, పలకలు ముక్కను పట్టుకుని వదలడం లేదు. భాయ్ ముందు సన్నటి స్క్రూడ్రైవర్‌తో తాళం కంతను మెల్లగా వెనక్కి, చెవి పెట్టి తీసే నిలువు స్థితికి తెచ్చాడు. ఆ తర్వాతే తాళంలోకి, మురికి వదిలించే స్ప్రే కొట్టాడు. ఆ తర్వాత వెదురుపుల్లంత సన్నటి రంపపు బ్లేడు ముక్కను, పళ్లు బయటి వైపుకు వాలి ఉండేలా చెవి అంచు వెంట దూర్చి, కొంచెం మెలిపెట్టి లాగాడు. రెండుసార్లు జారింది. మూడోసారి ముక్క బయటికి వచ్చింది. ఇంట్లో ఎవరైనా ప్రయత్నిస్తే గుర్తుంచుకోవాల్సింది ఇదే, కంత చెవి పెట్టి తీసే స్థితికి రాకుండా ఎంత లాగినా ముక్క రాదు, పైగా ముక్క ఇంకా లోపలికి పోతుంది.

రెండు ముక్కలనూ పక్కపక్కన బిగించి, ఖాళీ చెవి మీద ఆకురాయితో గీశాడు. అరిగిన చోట్ల పాతదాని లెక్క కాకుండా కాస్త ఎత్తు వదిలిపెట్టాడు. తలుపు తెరుచుకుంది. కానీ బండి స్టార్ట్ కాలేదు. మోటారు తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు, మీటరు దగ్గర చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటోంది. భాయ్ నవ్వి, విరిగిన పాత చెవి తలకాయను కొత్త చెవి పక్కన ఆనించి పట్టుకుని మళ్లీ తిప్పమన్నాడు. ఒక్క దెబ్బకు స్టార్ట్ అయింది.

ఆ నల్ల ప్లాస్టిక్ తలకాయలో చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట దాన్ని చదివి, ఇది మన చెవే అని నమ్మితేనే కంప్యూటర్ ఇంజన్‌ను నడవనిస్తుంది. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. ఆ చిప్‌కు సెల్లు అక్కర్లేదు, రిమోట్ సెల్లు చచ్చిపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. అందుకే చెవి విరిగితే తలకాయ పారేయకండి. కొత్తగా కోసిన చెవికి పాత చిప్ మార్చుకోవచ్చు, అది చవక. తలకాయ పోతే మాత్రం కొత్త చిప్ కొని కారుకు పరిచయం చేయించాలి, దానికి కంప్యూటర్ ఉన్న మనిషి కావాలి, ఖర్చు చాలా రెట్లు పెరుగుతుంది. రోడ్డు పక్కన వందకో రెండొందలకో చేయించిన చెవితో తలుపు తెరుచుకుని బండి మాత్రం కదలకపోతే, చేసినాయన మోసం చేశాడనుకోవద్దు. చెవి కోశాడు, అందులో చిప్ లేదు, అంతే.

ఇక అసలు సంగతి, తాళం ఎందుకు బిగుసుకుంది అని. నేను మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో లెక్కలు చూస్తాను. కారు రోజంతా మిల్లు ఆవరణలోనే ఉంటుంది, సాయంత్రానికి బానెట్ మీద వేలితో పేరు రాయొచ్చు, అంత ఊకదుమ్ము. మిల్లు లేనివాళ్లకు ఎర్రమట్టి రోడ్లు ఉన్నాయి, పత్తి జిన్నింగు ఉంది, గ్రానైటు క్వారీలు ఉన్నాయి, మన దగ్గర దుమ్ముకు కొదవ ఏముంది. ఆ దుమ్ము తాళంలోకి వెళ్లడం ఎలాగూ ఆగదు. నేను చేసిన తప్పు దాని మీద నూనె పోయడం. చెవి పట్టేస్తోందని ఫిబ్రవరిలో కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేశాను, రెండు రోజులు వెన్నలా తిరిగింది, తర్వాత ముందుకంటే ఘోరం. ఎందుకంటే నూనె దుమ్మును పట్టుకుంటుంది. భాయ్ లోపల పుల్ల పెట్టి తీస్తే నల్లటి ముద్ద వచ్చింది, కాటుక లాగా. ఇంజన్ ఆయిల్ అయినా, కుట్టుమిషన్ నూనె అయినా అంతే.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. ముందు డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేను దాని సన్న గొట్టంతో కంతలోకి కొట్టి, చెవి పెట్టి తీసి గుడ్డతో తుడుస్తాను, మళ్లీ కొట్టి మళ్లీ తుడుస్తాను, చెవి మీద నలుపు అంటకుండా వచ్చేదాకా. ఇది కడగడం మాత్రమే, ఇక్కడితో ఆపితే సరిపోదు. తలుపు తీసిపెట్టి బాగా ఆరనిచ్చి, ఆ తర్వాత గ్రాఫైట్ పొడి కొంచెం లోపలికి ఊది చెవి పదిసార్లు తిప్పుతాను. గ్రాఫైట్ పొడిగా ఉంటుంది కాబట్టి దుమ్ము అంటుకోదు. అది దొరక్కపోతే మెత్తటి పెన్సిల్ ముక్కును చెవి రెండు వైపులా గట్టిగా రుద్ది తాళంలో ఆడించినా కొంత పని జరుగుతుంది, పెన్సిల్‌లో ఉండేది కూడా గ్రాఫైటే. తడి ఆరకముందు మాత్రం పొడి వేయొద్దు, రెండూ కలిస్తే మళ్లీ ముద్దే.

తప్పు తాళానిదా చెవిదా అన్నది తేల్చుకోవడానికి డబ్బులు అక్కర్లేదు. మీ కారులో ఎడమ తలుపుకో డిక్కీకో కూడా కంత ఉంటే అదే చెవిని అక్కడ పెట్టి చూడండి. అక్కడ హాయిగా తిరిగి డ్రైవర్ తలుపులోనే పట్టేస్తుంటే, డ్రైవర్ తాళానికి శుభ్రం కావాలి. అన్నిచోట్లా పట్టేస్తుంటే చెవి అరిగింది. బీరువాలో ఉన్న రెండో చెవి తెచ్చి చూస్తే ఇంకా తేలిగ్గా తెలిసిపోతుంది, అది సాఫీగా తిరిగితే మొదటిది అరిగినట్టే. అప్పుడు కాపీ చేయించాల్సింది ఆ రెండో చెవి మీది నుంచి. అరిగినదాన్ని చూసి చేస్తే అరుగుదల కూడా కాపీ అవుతుంది. ఇప్పటి కార్లకు చాలావాటికి డ్రైవర్ తలుపుకు ఒక్కదానికే కంత ఉంటుంది, కాబట్టి వాళ్లకు రెండో చెవి ఒక్కటే ఆధారం. ఇంకో మాట, ఎప్పుడూ వాడని తాళం మరింతగా బిగుసుకుంటుంది. రిమోట్ ఉంది కదా అని ఏళ్ల తరబడి కంతలో చెవే పెట్టనివాళ్లు, రిమోట్ చచ్చిన రోజు చెవి దూరక నిలబడిపోతారు. నెలకు ఒకసారైనా చేత్తో తిప్పండి.

రిమోట్ సంగతికి వస్తే, దూరం తగ్గిందంటే సెల్లు అయిపోతున్నట్టే. ఎక్కువ కార్లలో 3 వోల్టుల బిళ్ల సెల్లు ఉంటుంది, దాని మీద సీఆర్2032 అనో, సీఆర్1632 అనో, సీఆర్2025 అనో రాసి ఉంటుంది. ఆ అంకెల్లోనే కొలత ఉంది. 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. దుకాణంలో 2032 లేదని 2025 ఇస్తే తీసుకోకండి, వెడల్పు ఒకటే గానీ సగం మిల్లీమీటరుకు పైగా పలుచన, లోపలి రేకుకు సరిగ్గా ఆనక ఒకసారి పనిచేసి ఒకసారి చెయ్యదు. మార్చేటప్పుడు ప్లస్ గుర్తు ఏ వైపు ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి, బిళ్లను అంచులతో పట్టుకోండి. కొత్త సెల్లు వేసినా పలకకపోతే, లోపలి రేకు వంగిందేమో కాస్త పైకి లేపి చూడండి.

పాలమూరులో మా తోడల్లుడికి బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే కారు ఉంది. మన్యంకొండ నుంచి ఫోన్ చేశాడు, బండి తలుపు తీయట్లేదు, బటన్ పలకట్లేదు, టోయింగ్ వాళ్లను పిలవాలా అని బాగా టెన్షన్ పడుతూ. ఆయన చేతిలోని రిమోట్ పక్కన చిన్న మీట ఉంటుంది, దాన్ని జరిపితే లోపలి నుంచి మామూలు చెవి బయటికి వస్తుంది, దానితో తలుపు తీయమన్నాను. కొన్ని కార్లలో ఆ కంత హ్యాండిల్ మీది మూత కింద దాగి ఉంటుంది. తలుపు తీశాక, బ్రేకు తొక్కి రిమోట్‌నే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కమన్నాను. స్టార్ట్ అయింది. సెల్లు చచ్చినా చిప్ బతికే ఉంటుందని పైన చెప్పింది ఇదే. ఎక్కువ కార్లలో బటన్‌కే ఆనిస్తారు, కొన్నింటిలో వేరే చోటు ఉంటుంది, మీ కారు పుస్తకంలో ఆ పేజీ ఒకసారి చదివి పెట్టుకోండి.

సెంట్రల్ లాకింగ్‌లో నాలుగు తలుపులూ ఒకేసారి మానేస్తే ఫ్యూజు చూడండి. ఒక్క తలుపే మానేస్తే ఆ తలుపుకు తల ఆనించి వింటూ, ఇంకొకరిని బటన్ నొక్కమనండి. టక్ అని శబ్దం వచ్చి కూడా తాళం కదలకపోతే లోపల కడ్డీ క్లిప్పు ఊడింది. గరగరమంటే చిన్న మోటారులోని ప్లాస్టిక్ పళ్లు అరిగాయి. ఏ శబ్దమూ లేకపోతే మోటారు పోయి ఉండొచ్చు, కానీ మోటారు కొనేముందు తలుపుకీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టం ఒకసారి వెనక్కి లాగించి చూపించండి. తలుపు తీసిన ప్రతిసారీ అక్కడి వైర్లు వంగుతాయి, ఏళ్లు గడిచేసరికి ఒకటి తెగుతుంది. మా బండికి ఒక వర్క్‌షాపులో వెనక తలుపు మోటారు మార్చాలని లెక్క రాసిచ్చారు, ఇంటి దగ్గర ఎలక్ట్రీషియన్ ఆ గొట్టంలో తెగిన వైరు అతికిస్తే పని అయిపోయింది.

తలుపు వేస్తే పడకుండా వెనక్కి తన్నుకొస్తుంటే గట్టిగా బాదకండి. తలుపు అంచున ఉండే కొక్కెం, తలుపు తెరిచి ఉండగానే మూసిన స్థితికి తిరిగిపోయి ఉంటుంది, ఇక ఎంత కొట్టినా ఇనుము ఇనుముకు తగులుతుంది. బయటి హ్యాండిల్ లాగి పట్టుకుని, స్క్రూడ్రైవర్‌తో ఆ కొక్కేన్ని వెనక్కి నెడితే తెరుచుకుంటుంది. తర్వాత పాత మురికి తుడిచి కొంచెం తెల్ల గ్రీజు పెట్టండి. గ్రీజు ఈ కొక్కేనికే, చెవి పెట్టే కంతకు కాదు.

వెనక తలుపు బయటి నుంచి వస్తుంది, లోపలి నుంచి రావట్లేదు అంటే నూటికి తొంభైసార్లు చైల్డ్ లాక్. తలుపు తెరిస్తే అంచు మీద చిన్న మీట ఉంటుంది, కారు కడిగేటప్పుడు గుడ్డ తగిలినా పడిపోతుంది. మా అత్తమ్మ దర్వాజ కరాబైందని నెలరోజులు ముందు సీట్లోనే కూర్చుంది, పెద్దావిడ, అడగడానికి మొహమాటపడింది. వేలితో జరిపితే అయిపోయే పని.

ఒక్క సందర్భంలో మాత్రం ఇవేవీ ఆలోచించకండి. పసిపిల్లలు లోపల ఉండగా తాళం పడిపోతే, ఎండలో ఉన్న కారు లోపలి వేడి పది నిమిషాల్లోనే ఇంకో పది డిగ్రీల దాకా పెరుగుతుంది, బయట 44 ఉన్న నల్లగొండ మే నెలలో దాని అర్థం ఏమిటో ఊహించండి. చేతికి రెండో చెవి వెంటనే అందకపోతే, బిడ్డకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూల దగ్గర గట్టి రాయితో కొట్టండి, అది చిన్న చిన్న గుండ్లుగా రాలిపోతుంది. ముందు పెద్ద అద్దం జోలికి పోకండి, దాని పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది, పగుళ్లు వస్తాయిగానీ దారివ్వదు. ఇంకొకరిని 112కు ఫోన్ చెయ్యమనండి. అద్దం ధర గురించి ఆ క్షణంలో ఎవరూ ఆలోచించకూడదు.

మా కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, అమ్మినాయన ఒక్క చెవే ఇచ్చాడు, రెండోది ఎక్కడో ఉంది వెతికి పంపిస్తా అన్నాడు, నేనూ మళ్లీ అడగలేదు. అదే ఉండి ఉంటే ఆ రోజు బావమరిది దాన్ని పట్టుకొచ్చేవాడు. పాత బండి కొనేవాళ్లు రెండు చెవులూ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి, బండి దొంగతనం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు కూడా అసలు చెవులన్నీ అడుగుతారు. కొత్త బండికైతే చెవులతోపాటు అంకె కొట్టిన చిన్న రేకు బిళ్ల వస్తుంది. ఆ అంకె ఉంటే అరిగిన చెవిని చూసి కాకుండా, ఫ్యాక్టరీ కొలతతో కొత్తది కోయించుకోవచ్చు. దాన్ని ఆర్‌సీ జిరాక్సుతో కలిపి ఇంట్లో పెట్టండి, కారులో కాదు. చెవి నిజంగానే పోగొట్టుకుంటే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసి ఇచ్చి రసీదు తీసుకోండి, షోరూములో ఆర్‌సీతో, ఆధార్‌తో పాటు అది కూడా అడగొచ్చు. తర్వాత కంప్యూటర్‌లో పోయిన చెవిని తీసేయించండి, అది దొరికినవాడి చేతిలో బండి స్టార్ట్ కాకుండా ఉంటుంది.

మాకిప్పుడు రెండు చెవులు ఉన్నాయి, రెండింటిలోనూ చిప్ ఉంది. ఒకటి నా జేబులో, ఒకటి మా బావమరిది ఇంట్లో. భాయ్ డబ్బా ముందు నుంచి వెళ్లినప్పుడల్లా "తాళం ఎట్లుందన్నా" అని అడుగుతాడు. డ్రైవర్ వైపుది బాగానే తిరుగుతోంది. ఎడమ తలుపుది ఇంకా కాస్త పట్టేస్తోంది, ఈ ఆదివారం మిల్లుకు సెలవు, స్ప్రే డబ్బా బయట పెట్టాను.